సరస్సు గట్టున సాక్ష్యం

టాస్మేనియాలో సెయింట్ క్లెయిర్ సరస్సు దగ్గర మా తెలుగు క్రైస్తవ సంఘం రిట్రీట్ పెట్టుకుంది. ఆరాధనలో దేవునికి కృతజ్ఞతగా సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. మా అమ్మాయి లేచి మేం కూర్చున్న రాళ్ల గట్టును చూపించింది.

"ఈ రిడ్జ్‌ని గ్లేసియర్ తోసుకొచ్చింది. లేక్‌ని కూడా ఐసే తవ్వింది. థౌజండ్స్ ఆఫ్ ఇయర్స్ పట్టిందంట. గాడ్ ఈజ్ సో పేషెంట్!"

సంఘపెద్ద మైకు లాక్కున్నాడు. "స్కూల్ చెత్త ఇక్కడొద్దమ్మా. ఇది నోవహు జలప్రళయం పని. సారీ చెప్పి కూర్చో."

"బట్ అంకుల్, ఐ వాజ్ థాంకింగ్ హిమ్," అంది పిల్ల, కళ్లనిండా నీళ్లతో. సంఘపెద్ద మాటకే వెనక నుంచి ఎవరో "ఆమెన్" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మంచూ వడగళ్లూ దేవుని ఆజ్ఞకు లోబడతాయని చిన్నప్పుడు నాచేత కంఠతా పెట్టించింది సంఘమే. ఆ మంచే కొండను ఒరుసుకుంటూ వచ్చి, మోసిన రాళ్లను ఇక్కడ గట్టుగా పోసి కరిగిపోతే, అది దేవుని పని కాదా? నీళ్లతో చేస్తేనే దేవుడా?

లేచి వెళ్లాను. "బ్రదర్ గారూ, మైకు ఇవ్వండి. మా పిల్ల సాక్ష్యం ఇంకా అవలేదు."

ఆయన ఇవ్వలేదు.

"మైకు అక్కర్లేదులే, గట్టిగా చెప్పు నాన్నా," అన్నాను పిల్లతో.

కళ్లు తుడుచుకుని అది మళ్లీ మొదటి నుంచి చెప్పింది.