అరబ్బీ పాఠంలో మేక

కువైట్‌లో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు మదనపల్లెలో అరబ్బీ నేర్పుతాను. పాత పుస్తకం నిండా ఒంటెలే. మనవాళ్లకు సులువుగా ఎక్కాలని వాటిని తీసేసి మేకలు, టమోటా మండీ, పుంగనూరు బస్సు పెట్టి కొత్త పాఠాలు రాశాను. కొత్త బ్యాచ్‌కు ఆ గొప్ప చెప్పుకుంటుండగా, నా దగ్గర చదివి వెళ్లిన కుప్పం రెడ్డెమ్మ కువైట్ నుంచి ఫోన్ చేసింది. పొగుడుతుందనుకుని స్పీకర్ పెట్టాను.

"సార్, ఈడ పిల్లోడికి జరమొచ్చింది. మీ పుస్తకంలో జరం మేకకే కదా ఉండాది! పిల్లోణ్ణి చూపించి 'మేకకు జరమొచ్చింది' అనేసినా. మేడమ్ నా మీద అరుస్తాండాది!"

పిల్లాడికి జ్వరమని అరబ్బీలో ఎలా అనాలో గబగబా చెప్పి ఫోన్ పెట్టేశాను. పాఠాలను మన ఊరికి తెచ్చానే గానీ, వాళ్లు పోయేది ఏ ఊరికో మరిచిపోయాను.

ముందు వరుసలోని నిమ్మనపల్లె ఆమె మెల్లగా లేచింది.

"సార్, మాకు ఆ పాత పుస్తకమే ఇయ్యండి. ఒంటెలన్నా ఆడుంటాయి."