చెల్లి ఎడమ చేతి నాడి

రాయపూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన రోజుల్లో నేను అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరాను. నాన్నది రైల్వే ఉద్యోగం. చెల్లికి పందొమ్మిదేళ్లు, అదీ నర్సింగే చదువుతోంది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, పరీక్షకు పనికొస్తుందని ఒకరి బీపీ ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. దాని ఎడమ చేతికి పట్టీ కట్టి ఎన్నిసార్లు గాలి కొట్టినా నా చెవికి ఏ చప్పుడూ అందలేదు.

"మిషన్ ఖరాబ్ అయిందక్కా," అని నవ్వింది.

మిషన్ బాగానే ఉంది. మణికట్టు మీద వేళ్లు ఆనించి చూశాను. నాడి లేదు. కుడి చేతిలో మాత్రం నిండుగా కొట్టుకుంటోంది. బట్టలు ఆరేస్తుంటే ఎడమ చెయ్యి లాగేస్తోందని, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోందని ఆరునెలలుగా చెబుతూనే ఉంది. రక్తం తక్కువై ఉంటుందని ఐరన్ మాత్రలు తెచ్చిచ్చింది నేనే.

స్కాన్ తీశాక పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచి హిందీలో చెప్పారు. "ఇది కొవ్వు పేరుకోవడం కాదు సిస్టర్. రోగాలతో పోరాడాల్సిన కణాలే చేతికి వెళ్లే రక్తనాళం గోడలో చేరి దాన్ని వాచేలా చేస్తున్నాయి. గోడ మందమై లోపల దారి మూసుకుపోయింది."

"ఎందుకిలా సార్?"

"ఎందుకో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు."

ఇంట్లో చెబితే అమ్మ స్టవ్ ఆపి వచ్చింది. "దాని ఒంట్లోవేగా ఆ కణాలు? మరి సొంత మనిషని తెలీదటే వాటికి?"

వాపు తగ్గడానికి మర్నాడే స్టెరాయిడ్లు మొదలుపెట్టారు.

వాటితో చెల్లి మొహం గుండ్రంగా ఉబ్బింది. చర్చిలో ఎవరైనా ఫోటో తీస్తుంటే నా వెనక్కి వచ్చేసేది. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష, ఈఎస్ఆర్, మెల్లగా దిగింది. అమ్మ చర్చిలో లేచి నిలబడి, దేవుడు బాగుచేశాడని సాక్ష్యం చెప్పింది. మూసుకుపోయిన నాళం మాత్రం తెరుచుకోలేదు. గట్టిపడ్డ గోడ మందులతో మామూలవదని నాకు తెలుసు. అమ్మకి చెప్పలేదు.

చదువు పూర్తిచేసి, చెల్లి మా ఆసుపత్రిలోనే చేరింది. మందుల మోతాదు తగ్గిస్తూ వస్తున్నారు. ఒక ఉదయం సెలైన్ సీసా మార్చడానికి తలెత్తి, అలాగే నేల మీద పడిపోయింది. నేను అదే వార్డులో ఉన్నాను. ఈసారి వాపు మెడలో, మెదడుకి వెళ్లే నాళంలో. దాని మంచం పక్కన కూర్చుని, గంటగంటకీ కుడి చేతి నాడి చూస్తూ ఉండిపోయాను.

బతికింది. వార్డు పని మానేసి పేషెంట్ల పేర్లు రాసే కౌంటర్లో కూర్చుంటోంది. ఇప్పుడు దానికి నలభై దాటాయి. నెలలు బాగుంటుంది, మళ్లీ వాపు లేస్తుంది. ఎందుకు లేచిందో, ఎందుకు తగ్గిందో ఎవరూ చెప్పలేరు.

మొన్న ఈఎస్ఆర్ రిపోర్టు నేనే తెరిచాను.

"ఎంతుందక్కా?"

"పెరిగిందే."

రిపోర్టు నా చేతిలోంచి తీసుకుని మడిచి పెట్టింది. "చలో, అన్నం పెట్టు. నువ్వూ తినలేదుగా," అంది.