గడ్డిదూడ

నేను కాపురానికి వచ్చిన ఏడాది మా అత్తగారి పెరట్లో ఒక దూడ చచ్చిపోయి కూడా మూడు వారాలు నిలబడే ఉంది. ఆ మూడు వారాలూ నేనొక అబద్ధం మోశాను, మా అత్త ఇంకొకటి మోసింది. రెండూ బయటపెట్టింది మా గేదె. ఇప్పుడు తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది, సిగ్గు ఆ వెనకాల వస్తుంది.

ఎనభైల మొదట్లో మాట. నేను నరసరావుపేటలో పుట్టి పెరిగినదాన్ని. పాలంటే నాకు తెలిసిందల్లా, పొద్దున్నే గుమ్మంలో గిన్నె పెడితే అందులోకి వచ్చి పడేవి. అలాంటిదాన్ని తెచ్చి గురజాల దగ్గర పల్లెలో, గొడ్ల కొట్టం ఉన్న ఇంట్లో పడేశారు. మా అత్తకు ముగ్గురు కొడుకులున్నా ముద్దంతా గేదె మీదే. అది ఆ ఏడు పెయ్యదూడను ఈనింది. దూడకు పది రోజులు నిండాయో లేదో, మా అత్త నూజెండ్లలో చుట్టాల పెళ్లికి బయలుదేరింది. బస్సెక్కేదాకా నాకు ఒకటే పాఠం.

“దూడను ఇప్పు. నాలుగు గుక్కలు తాగంగానే గేదె చేపుద్ది, పాలు దిగుతయ్. అప్పుడు లాగి కట్టెయ్. పాలు వాడు పిండుకుంటాడు. జాలిపడి దూడను వదిలావా, దానికి పొట్ట చెడుద్ది. అర్థమైందా?”

వాడంటే మా ఆయన. సాయంత్రం కాలవ నీళ్ల వంతు వచ్చి ఆయన పొలంలోనే ఉండిపోయాడు. దూడ అరుస్తోంది. ఇప్పాను. అది తోక ఊపుకుంటూ తాగుతుంటే లాగడానికి చేతులు రాలేదు. పొదుగు సగానికి పైగా ఖాళీ చేసేదాకా ముచ్చటగా చూస్తూ నిలబడ్డాను. ఆయన వచ్చి పిండితే చెంబు నిండలేదు. “అత్తయ్య లేదని గేదె అలిగింది” అన్నాను. మా ఆయన నమ్మాడు. ఆయనకు పెళ్లయి మూడు నెలలే.

ఆ పొద్దుగూకేవేళే గోడ అవతలి పిన్ని, గెంతుతున్న దూడను చూసింది. వాళ్లాయన ఆయిలు ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ. ఆమెకూ మా అత్తకూ పాతికేళ్ల స్నేహం, వదినా అంటే వదినా అనుకునేవాళ్లు. మధ్యలో నాపరాళ్ల గోడ నడుమెత్తే. రోజూ మా చల్ల అటు దాటేది, వాళ్ల గోంగూర ఇటు దాటేది.

“ఎంత ముద్దుగా ఉందే! కళ్లు చూడు, కాటుక పెట్టినట్టు” అంది పిన్ని.

మర్నాటికి దూడ పారుకోవడం మొదలైంది. అత్త తిరిగొచ్చేసరికి లేవలేకపోతోంది. పశువుల ఆసుపత్రి కాంపౌండరు వచ్చి సూది వేశాడు. మూడో రోజు తెల్లవారేసరికి దూడ ప్రాణంతో లేదు.

“నిజం చెప్పు, పాలెక్కువ తాగనిచ్చావా?” అనడిగింది అత్త.

“లేదత్తయ్యా, నాలుగు గుక్కలే.” అక్కడితో నోరు మూసుకున్నా బాగుండేది. “పిన్ని చూసి ఎంత ముద్దుగా ఉందో అంది” అని కూడా కలిపాను.

మా అత్త ఆ మాటను రెండు చేతులా అందుకుంది. “అదీ సంగతి! నరుడి కంటికి నల్లరాయి పగులుద్దంటారు, పసిదూడ ఎంత!” అని గోడ అవతలికి వినపడేలా అంది. ఆ రోజు నుంచి గోడ మీద చల్ల చెంబు ఆగిపోయింది. పిన్ని రెండుసార్లు “వదినా” అని పిలిచింది. మా అత్త రెండుసార్లూ గేదెతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ తర్వాత పిన్ని పిలవలేదు.

దూడ లేకపోతే గేదె చేపదు. పాలు పొదుగులోనే బిగబట్టేస్తుంది. అందుకని చెప్పులు కుట్టే తాత వచ్చి, దూడ తోలు వలిచి, లోపల వరిగడ్డి కూరి, నాలుగు కర్రలు కాళ్లుగా పెట్టి కుట్టి ఇచ్చాడు. పిండేవేళకు దాన్ని గేదె ముందు నిలబెట్టాలి. గేదె నాకడం కోసం దాని ఒంటికి ఉప్పునీళ్లు రాసి తవుడు చల్లాలి. గేదె నాకింది, చేపింది. ఊళ్లో అందరూ చేసే పనే.

అందరూ చేయనిది మా అత్త చేసింది. పని అయ్యాక మిగతా వాళ్లు గడ్డిదూడను ఏ మూలో పడేస్తారు. ఈవిడ ఎండొస్తే నీడకు జరిపేది, వాన తుంపర పడితే గోనెపట్టా కప్పేది. చచ్చిపోయిన దూడ అని మా ఆయన నోరుజారితే, “నీ నోట్లో మన్ను బడ, నిద్దరపోతంది” అని కసిరేది. నేనూ ఆయనా చాటుకు పోయి నవ్వుకునేవాళ్లం.

నవ్వడానికి నాకేం హక్కు? నేను అంతకంటే పెద్ద పని చేస్తున్నాను. దూడ పుట్టుకతోనే నీరసంగా ఉంది అనుకున్నాను. కాంపౌండరు ఆలస్యంగా వచ్చాడు అనుకున్నాను. పది రోజులకల్లా నేను తాగించింది నిజంగా నాలుగు గుక్కలే అని నాకే అనిపించసాగింది. పిన్ని మాత్రం మా కొట్టం పక్కగా వెళ్లేటప్పుడు కొంగు కళ్లమీదికి లాక్కుని నేలచూపులు చూస్తూ పోయేది. కోపంతో ముఖం చాటేస్తోంది అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉండేది.

మూడో వారం ఒక సాయంత్రం అత్త పాలు పిండుతోంది, నేను గడ్డిదూడను గేదె ముందు పట్టుకుని నిలబడ్డాను. గేదె రోజూ నాకీ నాకీ దాని పొట్ట కింద కుట్టు ఊడినట్టుంది. గేదె మూతి అందులో పెట్టి గడ్డి పరక ఒకటి లాగింది. నమిలింది. ఈసారి గుప్పెడు లాగింది. దూడ పొట్ట లోపలికి పోతోంది, గేదె కళ్లు అరమోడ్చి మేస్తోంది, కింద పాలు మాత్రం జుయ్ జుయ్ మని చెంబులోకి దిగుతూనే ఉన్నాయి.

మా అత్త చేతులు ఆగిపోయాయి. కాసేపు అలా చూసి, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. “దీని దుంపతెగ! దీనికి మొదట్నుంచీ తెలుసే! తెలిసే ఇస్తంది!” నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు, అది నవ్వు కాదని.

నా గొంతు నాకు తెలియకుండానే పలికింది. “అత్తయ్యా, ఆ రోజు నాలుగు గుక్కలు కాదు. చానా తాగింది. నేనే లాగలేదు.”

తిడుతుందని కళ్లు మూసుకున్నాను. తిట్టలేదు.

“నువ్వేంది, గిన్నెలో పాలు తప్ప పొదుగు చూడని పిల్లవి” అంది. “పది రోజుల దూడను నీకు అప్పజెప్పి పెళ్లిభోజనానికి పోయింది నేను. ఆ మాట అనుకోలేకే గదా, దిష్టని పట్టుకుంది.”

చెంబులో పాలు అలాగే పట్టుకుని లేచింది. గోడ మీద నుంచి అందించలేదు. నన్ను వెంటబెట్టుకుని వీధి తిరిగి, వాళ్ల గుమ్మంలోంచి వెళ్లింది.

పిన్ని కూతురు పురిటికి వచ్చి ఉంది. మనవడు పుట్టి పదకొండు రోజులు. పిన్ని కాళ్లు బారజాపుకుని, వాటి మీద వాడిని పడుకోబెట్టి నీళ్లు పోస్తోంది. ముఖం మాత్రం పక్కకు తిప్పుకుని ఉంది. మా అత్త చెప్పింది, నేను చెప్పాను. ఇద్దరం ఒకరి మాట మీద ఒకరం పడి చెప్పాం. పిన్ని చేతిలోని నీళ్ల చెంబు కింద పెట్టింది.

“నిజంగా నా కన్ను కాదా, వదినా?”

“కాదు. మా తప్పు.”

“మరి నేను నమ్మేశానే” అంది పిన్ని. “వీడు పుట్టిన కాడినుంచీ మొహం తేరిపార చూళ్లేదు. నీళ్లు పోసేప్పుడు గూడా కాళ్లే చూశా. మా అమ్మాయి అడుగుతానే ఉంది, ఏందమ్మా, మగపిల్లోడు నచ్చలేదా అని.”

నేను తల ఎత్తలేకపోయాను. మేమిద్దరం చేసిన తప్పును ఒప్పుకోకుండా తిరుగుతుంటే, చేయని తప్పును ఆమె ఒప్పేసుకుని కూర్చుంది.

మా అత్త పాల చెంబు నా చేతికిచ్చి, వంగి, తడిపిల్లాడిని రెండు చేతులా ఎత్తి పిన్ని కళ్ల ముందు పట్టుకుంది. “చూడు. కళ్లు పెద్దవి చేసుకుని చూడు.”

పిన్ని చూసింది. చానాసేపు చూసింది. వాడు చలికి కెవ్వుమంటున్నా ఎవరూ దించలేదు.

“ఓసి, వీడి ముక్కు అచ్చం మా ఆయన ముక్కేనే!” అంది. “పదకొండు రోజులయింది, ఒక్కరూ చెప్పరేందే నాకు!”