మా రెండు గిటార్ల క్యాసెట్టు

కిందటి వేసవిలో కడప నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. వాళ్ల నాన్న ఒకప్పుడు సభలకు, పెళ్లిళ్లకు మైకు సెట్టు పెట్టేవాడట. ఆయన పోయాక ఇల్లు సర్దుతుంటే పెట్టె నిండా క్యాసెట్లు దొరికాయి. ఒకదాని మీద ‘గిటార్లు, ఇద్దరు’ అని ఉంది.

“మా నాయన దీన్ని శానాసార్లు పెట్టుకుని వింటాండె సార్. ఆ ఇద్దరూ ఎవురని అడగంగా అడగంగా మీ నంబరు దొరికె. ఫోన్‌కు పంపిస్తా, వినండి,” అన్నాడు.

ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను. రెండో ఆయన రైల్వే ఉద్యోగి, నాకంటే బాగా పెద్ద. నేను కడపలో గుమాస్తాగా చేరిన కొత్తలో మా అద్దె గదులు పక్కపక్కనే ఉండేవి. అంతకుముందు గుంతకల్లులో పనిచేసేటప్పుడు ఆయన ఒక ఆంగ్లో ఇండియన్ రైలు డ్రైవరు దగ్గర జాజ్ నేర్చుకున్నాడు. సినిమా పాటలు తప్ప ఏమీ తెలియని నాకు ఆయనే దాన్ని నేర్పాడు. ఇద్దరం ఒక వరస అనుకునేవాళ్లం. ఒకరు దాని మీద అప్పటికప్పుడు కల్పించుకుంటూ పోతే, రెండోవారు లయ పట్టుకుని వెనక నిలబడాలి. ఎండకు గోడలు కాగిపోతుంటే కిటికీకి తడి గోనెపట్టా కట్టుకుని, సెలవు రోజంతా అదే పనిగా వాయించేవాళ్లం.

జనం ముందు వాయించింది మాత్రం ఒక్కసారే, ఒక కాలేజీ వార్షికోత్సవంలో. పిల్లలు సినిమా పాట కావాలని కాసేపు గోల చేసి, తర్వాత సద్దుమణిగారు. చివర్లో నేను కల్పించి వాయించిన భాగానికి హాలంతా చప్పట్లు కొట్టింది. స్టేజీ దిగాక అందరూ వచ్చి నా చేయే పట్టుకున్నారు. ఆయన పక్కన నిలబడి గిటారుకు గుడ్డ చుట్టుకుంటూ నవ్వాడు. ఆఫీసులో మనసు బాగాలేని రోజుల్లో ఆ చప్పట్లు తలుచుకుని ఎన్నిసార్లు ధైర్యం తెచ్చుకున్నానో!

ఆ రోజు మైకు పెట్టినాయన రికార్డు చేసిన ఆ పాటను ఫోన్‌లో మొదటిసారి విన్నప్పుడు సంతోషంతో ఇంకేమీ వినపడలేదు. రెండోసారి వింటుంటే తెలిసింది. ఆ చివరి భాగం మధ్యలో నేను లెక్క తప్పి, రావలసిన చోటికంటే ముందే పైకి వెళ్లిపోయాను. ఆయన గిటారు ఒక్క క్షణం ఆగింది. వెంటనే నేనున్న చోటికే వచ్చి కలిసింది. అదంతా ముందే అనుకుని చేసినట్టు వినిపిస్తోంది. చప్పట్లు మొదలైంది సరిగ్గా అక్కడే.

ఆయన ఉండేది ఇప్పుడు కర్నూలులో. పక్షవాతం వచ్చి ఎడమచేతిలో పట్టు పోయింది. మరుసటి వారమే బస్సెక్కి వెళ్లి, ఆయన పక్కన కూర్చుని వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. ఆ చోటు రాగానే ముసిముసిగా నవ్వాడు.

“నీకు అప్పుడే తెలుసా అన్నా?”

“తెలీకేమప్పా! నువ్వు యాడికో పోతాంటివి. నిన్ను ఎనక్కి గుంజితే పాట పాడైతాది. నేనే నీకాడికి వచ్చినా.”

“మరి నాకు చెప్పలేదేం?”

“నీ మొగం అంత సంతోషంగా ఉంటే ఏమని చెప్పల్ల?”

ఆయన కుడిచేయి పట్టుకున్నాను. “ఇంతకాలం నేను బతికింది ఆ చప్పట్ల మీదే అన్నా. అవి నువ్వు పెట్టిన భిక్ష,” అన్నాను.

“ఊరుకోప్పా. మంచం కింద గిటారు ఉండాది, తియ్యి,” అన్నాడు.

గిటారు ఆయన ఒళ్లో పెట్టి, ఎడమ పక్కన ఆనుకుని కూర్చున్నాను. ఆయన చెప్పినచోటల్లా నేను తంత్రులు నొక్కుతుంటే ఆయన కుడిచేత్తో మీటాడు. మొదట అంతా గరగరమంది. నెమ్మదిగా స్వరం తేలింది. వేయించిన చెనక్కాయలు తెచ్చిన వదిన గుమ్మంలోనే నిలబడిపోయింది.

“ఇంగ వాయించనని మంచం కిందికి తోసేయమంటివే!” అందామె, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

ఆయన ఆమె వైపు చూడనే లేదు. “అది కాదప్పా, చిటికెన వేలు పెట్టు. ఇంగా కిందికి,” అని నన్ను గదమాయిస్తున్నాడు.