మాట మోసిన మస్తానమ్మ

చిన్నపోలయ్య మైపాడు ఒడ్డున నిలబడి కేక వేస్తే, ఏ వలలో పడాలో తేల్చుకోలేక చేపలు తమలో తాము కొట్టుకునేవట. పేరమ్మ మాత్రం తక్కువదా? ఆమె శాపనార్థాలకు ఉప్పు కూడా చప్పబడేదని పాళెమంతా చెప్పుకునేది. అలాంటి రెండు గొంతులు ఒకే తాటాకు గుడిసెలో కాపురం పెట్టాయి. కొత్త పైసలు వచ్చిన ఏడు, ఆ గుడిసెలో చప్పుడంటే పడని పిల్ల పుట్టింది.

మస్తానమ్మకు మూడేళ్లు నిండినా మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూడదు. గవ్వలు వరసగా పేర్చుకుంటూ పొద్దుగూకేదాకా కూర్చుంటుంది. ఎవరైనా గొంతు పెంచితే చెవులు మూసుకుని తల గుంజకేసి కొట్టుకుంటుంది. ఆ నోట ‘అమ్మా’ అని ఒక్కసారి వినాలని పేరమ్మ మొక్కని దేవుడు లేడు.

“గ్రహణం పూట చేప కోసినావు. నీవల్లనే ఇదంతా,” అన్నాడు చిన్నపోలయ్య.

“మీ చిన్నాయన మూగోడు. మీ రక్తమే అది,” అంది పేరమ్మ.

ఆ రోజుతో ఇద్దరికీ మాటలు లేవు. పాళెంలో మాటలు మానుకున్న మొగుడూ పెళ్లాలు పిల్లలచేత కబురు చెప్పించుకోవడం మామూలే. ఆ పిల్లలు గడుగ్గాయిలు. కారమంతా దారిలో పారబోసి, మిగిలినదానికి బెల్లం పూసి అందిస్తారు. రెండు పూటల్లో తగవు తీరిపోతుంది. వీళ్లకు ఉన్నది మస్తానమ్మ ఒక్కతే. అయినా ఆమెనే మధ్యన కూర్చోబెట్టుకున్నారు.

“అమ్మే, మీ నాయనకి చెప్పు. బువ్వ కుండలో ఉండాది, చేతులుంటే పెట్టుకోమను.”

“చెప్పమ్మే మీ అమ్మకి. కూరలో ఉప్పెయ్యాలంటే పుట్టింటోళ్లు రావాల్నేమో అడుగు.”

ఏళ్ల తరబడి ఇదంతా పిల్ల ముఖం మీదే. తల పగులుతుందన్న భయంతో పేరమ్మ గుంజకు పాత చీర చుట్టింది.

“గుంజకెందుకమ్మే, నీ నోటికి చుట్టుకోరాదా,” అంది పక్కింటి మాలకొండమ్మ. పేరమ్మ విననట్టే లోపలికి పోయింది.

ఒక తెల్లవారుజామున చిన్నపోలయ్య తెప్పను నీళ్లలోకి తోస్తుండగా, పేరమ్మ ఒక చేత్తో గంజి ముంత, ఇంకో చేత్తో పిల్లను పట్టుకుని వచ్చింది. మస్తానమ్మ నోరు తెరిచింది.

“చెప్పమ్మే మీ నాయనకి. సముద్రం మీదికి పోయినోడు మళ్లా రాకపోయినా మేలే.”

అచ్చం పేరమ్మ గొంతు, ఆ విరుపుతో సహా. వేటకు పోయేవాడి ఎదుట పగవాళ్లు కూడా అనని మాట. తోటివాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. చిన్నపోలయ్య తెప్పను ఒడ్డుకు లాగేశాడు. పేరమ్మ ఇసకలో కూలబడింది.

“అది నేనన్న మాటేనయ్యా,” అంది అతనితోనే.

“తెలుసు. నా మాటలు గూడా ఉంటాయి దాని కడుపులో,” అన్నాడు అతను.

అప్పటినుంచి ఇద్దరూ నేరుగా మాట్లాడుకున్నారు, గొంతు తగ్గించి. పిల్ల తల కొట్టుకోవడం తగ్గింది. కానీ ఆమెలో పోసిన మాటలు ఒక్కొక్కటే బయటికి వస్తూనే ఉండేవి, ఎవరివి వాళ్ల గొంతుల్లోనే. సొంతమాట ఒక్కటీ లేదు.

“చెప్పమ్మే మీ అమ్మకి...” అని గవ్వల ముందు మొదలుపెట్టేది మస్తానమ్మ.

పేరమ్మ చేతిలో పని వదిలేసి దగ్గరికొచ్చి కూర్చునేది.

“ఊఁ, చెప్పు తల్లీ,” అనేది.