మాత్ర కూర్చునే గాడి

బాక్టీరియాలో ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే ప్రొటీన్ ఉంటుంది. జన్యువుల్లోని రాతను చదివి నకలు తీసే యంత్రం అది. దాని ఆకారం నాకు మా వీధికన్నా బాగా తెలుసు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు దానిమీదే చేశాను, మార్కాపురంలో డిగ్రీ పిల్లలకు చెప్పే పాఠమూ అదే. ఎండ్రకాయ డెక్కలా నోరు తెరుచుకుని ఉంటుంది. లోపల నకలు పోగు సాగే దారి పక్కనే చిన్న గుంట. టీబీ మందు రిఫాంపిసిన్ వెళ్లి ఆ గుంటలో కూర్చుంటే పోగు ముందుకు సాగదు, క్రిమి చస్తుంది. ఇంత తెలిసిన నా ఇంట్లోనే నాయనకు టీబీ వచ్చింది.

నేను బెదరలేదు. పలకల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి రాతిపొడి పీల్చిన మనిషికి రావడం వింతేమీ కాదు. ఆసుపత్రిలో మాత్రలిచ్చారు, దగ్గు తగ్గుముఖం పట్టింది. ఇక ఢోకా లేదనుకున్నాను. ఒకరోజు పక్క దులుపుతుంటే దిండు కింద మింగని మాత్రలు కనిపించాయి.

"ఏంది నాయనా ఇది?"

"ఒంటేలు ఎర్రగా పోతాంది. బాగా వేడి చేసింది. అందుకే ఒగరోజు మింగి, ఒగరోజు మజ్జిగ తాగి సల్లబెట్టుకుంటాండా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఎరుపు మందు రంగేనని అరిచాను. ఆయన వింటేగా! కళ్లు మండినా వేడే, నోరు పూసినా వేడే మాకు. వేడి చేసిందన్నాక డాక్టరు మాట కూడా చెల్లదు.

చివరికి ఫోన్‌లో ఆ ప్రొటీన్ బొమ్మ తీసి ఆయన ముందు పెట్టాను.

"పలకకు చట్రం బిగించేటప్పుడు గాడిలో రాతిముక్క ఇరుక్కుంటే ఏమైతది నాయనా?"

"పలక దిగదు."

"క్రిమిలో కూడా ఇట్లాంటి గాడే ఉంటది. మాత్ర పోయి దాంట్లో ఇరుక్కుంటది. ఎక్కడో ఒక క్రిమికి గాడి రవ్వంత మారి ఉంటది, దానికి ఈ మాత్ర పట్టదు. నువ్వు ఇట్ల మధ్యలో మానితే, అట్లాంటివే మిగిలి పెరుగుతాయి."

ఆయన ఫోన్ దగ్గరికి లాక్కుని బొమ్మను చూశాడు. "అయితే నాకిప్పటికే మారిపోయిందేమో?" అన్నాడు.

ఆ గుంట వైపు చూడాలంటే మొదటిసారి నాకే భయమేసింది.

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లి కళ్లె పరీక్షకు ఇప్పించాను. ఆ గుంటను తయారుచేసే జన్యువు ముక్క మారిందో లేదో అక్కడి యంత్రమే చెబుతుంది. నాయన కొనకనమిట్ల నుంచి వచ్చిన ఒకాయనతో కంది పైరు గురించి మాటల్లో పడ్డాడు. నేను మాత్రం గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాను.

మధ్యాహ్నం దాటాక ల్యాబ్ అమ్మాయి బయటికొచ్చింది. "మార్పేం లేదక్కా, మందు పనిచేస్తది."

"గాడి మారలేదు నాయనా," అన్నాను. అంతటితో ఊరుకోక, రోజూ ఎందుకు మింగాలో మళ్లీ మొదలుపెట్టాను.

"ఇంగ పాఠం చాలుగానీ, నీళ్లియ్యమ్మా," అంటూ చొక్కా జేబులోంచి మాత్రలు తీశాడు.

నీళ్ల సీసా చేతిలోకి తీసుకుని కూడా నేను పాఠం ఆపలేదు. ఆయనే నా చేతిలోంచి తీసుకుని, మూత తిప్పి, మింగాడు.