రెండు తీగలు, రెండు తేదీలు

"ఇప్పుడా బాబాయ్ చెప్పేది? వ్యాసం అచ్చయిపోయాక?"

తలుపు ఇవతల బావమరిది జీపు తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. లోపల పెరుగుతున్నది సైంటిస్టు మేడమ్ గొంతొక్కటే. గొంతులో కణితి లేచినప్పటి నుంచి బావ మాట పక్కనున్నవాడికే సరిగా వినపడదు.

బావ ఇరవయ్యారేళ్లుగా ఆ రేడియో టెలిస్కోపు మీద రిసీవర్లు విప్పి బిగిస్తున్నాడు. చదివింది పదో తరగతి. చిన్నాపెద్దా అందరికీ బాబాయే. కళ్లు మూసుకుని బిగిస్తాడని పేరు. ఆ పేరే కొంప ముంచింది.

కోట్ల కాంతి సంవత్సరాల అవతలి నుంచి రేడియో మెరుపులు వస్తుంటాయి. రెప్పపాటు కూడా ఉండవు. ఎక్కడ పుడుతున్నాయో ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. ఆ తరంగం ఏ వాలున ఊగుతోందో పట్టడానికి రిసీవరులో రెండు యాంటెన్నాలుంటాయి, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. దారిలో అయస్కాంత క్షేత్రం తగిలితే ఆ వాలు మెలి తిరుగుతుంది. మెలి ఎటో చూసి క్షేత్రం ఎటుందో చెబుతారు. ఒకే చోటి నుంచి మళ్లీ మళ్లీ వస్తోందని మేడమ్ ఏడాదిగా కాపు కాస్తున్న మెరుపులో ఆ మెలి ఒక రోజు తిరగబడింది. మూడు నెలలకు మళ్లీ మామూలైంది. ఇంకేం, అది ఒక చచ్చిన నక్షత్రమనీ, పెద్ద నక్షత్రం చుట్టూ తిరుగుతూ దాని అయస్కాంతపు గాలుల్లోంచి మనకు కనిపిస్తోందనీ ఆమె రాసింది. మంచి పేరొచ్చింది. వరండా గోడకు పోస్టరెక్కింది.

పోయిన వారం బావ ఆ పోస్టరు మీది తేదీలు చదివాడు. మెలి తిరగబడింది తను రిసీవరు విప్పి తుడిచి బిగించిన మర్నాడు. మామూలైంది, ఆ రెండు యాంటెన్నాల తీగలూ తారుమారయ్యాయని చూసుకుని గుట్టుగా సరిచేసిన మర్నాడు. నిలువు అడ్డమైతే మెలి తిరగబడినట్టే కనిపిస్తుంది. పరువు పోతుందని పనిపుస్తకంలో రాయలేదు. తెలిసిన నక్షత్రంతో సరిచూసే పరీక్షను, టైము చాలడం లేదని, ఆ మూడు నెలలూ మేడమే ఆపించింది.

లోపల ఆమె ఆ పుస్తకమే తెరిచి చూపించింది. ఆ తేదీల దగ్గర ఖాళీ. మందుల మీదున్నారు, మనసు ఏదేదో అల్లుకుంటోంది, ఇంటికెళ్లి పడుకోండి అంది. వచ్చే నెలలో ఆమె ఉద్యోగం ఖాయం కావాలి. ఆ సంగతి అందరికీ తెలుసు.

బావ బయటికొచ్చి జీపెక్కాడు. రేపు పొద్దున్నే ఆపరేషను, గొంతుపెట్టె తీసేస్తారు.

"అక్కకు రేపట్నుంచి నీతో మాటలు పడే పని తప్పింది బావా," అన్నాడు బావమరిది. నవ్వించాలనే అన్నాడు. బావ చొక్కా జేబు తడుముకున్నాడు.

తీగలు సరిచేసిన రోజు బావను క్రేను తొట్టిలో పైకి తీసుకెళ్లింది ఈ బావమరిదే. పక్కనే నిలబడి, నువ్వు కూడా తప్పు చేస్తావా మహానుభావా అని వెక్కిరించింది కూడా అతనే. అతనిది కాంట్రాక్టు పని. ఏటేటా కాగితం మీద సంతకం పెట్టేది మేడమ్. ఇంట్లో ఇద్దరు పిల్లలు. అందుకే తాళం తిప్పకుండా రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

బావ జేబులోంచి, జరిగిందంతా రాసి మడత పెట్టిన కాగితం తీసి అతని ఒళ్లో పెట్టాడు. చెవి దగ్గరికి వంగి, మాట మాటకూ ఆగుతూ అన్నాడు.

"ఆ రోజు పైన నువ్వూ ఉన్నావు. నా సంతకం కింద నీదీ పెట్టి, డైరెక్టరు గారి ముందు నువ్వే చదువు."